మణికట్టు

మొదటి నెల నేను పోసినవన్నీ
ఉల్లిపాయలే.
ఆకు వెయ్యబోతే ఉల్లిపాయ,
హంస వెయ్యబోతే మెడ విరిగిన ఉల్లిపాయ.
మేనేజరు ఫణీంద్ర గారు కప్పులోకి తొంగిచూసి
"ఇవాళ పులుసుకి సరిపోతాయి" అనేవారు.

లాసన్స్ బే మీంచి గాలి తిరిగితే చాలు,
పొద్దున బుద్ధిగా ఉన్న గ్రైండరు
పదకొండింటికి మాట మారుస్తుంది.
పొడి చెమ్మ పీల్చి బరువెక్కుతుంది.
అరనిమిషంలో దిగాల్సిన కాఫీ
నలభై సెకన్ల దాకా నసుగుతుంది.
ఒక గీత వదులు చేస్తాను. చూస్తాను.
అరగీత బిగిస్తాను.
బొమ్మ సంగతి ఆ తర్వాత.
కింద కాఫీ నిలబడకపోతే
పాలు ఏ గోడ మీద రాస్తాయి?

ఆవిరి గొట్టం మొన
పాల పైపొర కింద గోరంత లోతులో ఉండాలి.
పైకొస్తే బుడగలు, లోపలికెళితే కీచు.
సరైన చోట వచ్చే చప్పుడు
పాత చీర అంచు నెమ్మదిగా చింపినట్టుంటుంది.
మూడు సెకన్లు చింపితే చాలు.
తర్వాత పిచరు కాస్త వంచి
పాలని సుడిలో పెట్టి
దాని పొట్టకి ఎడమ అరచెయ్యి ఆనించి నిలబడతాను.
గోరువెచ్చన.
వెచ్చన.
వేడి.
ఇంక ఆనించలేను అనే క్షణానికి ఒక్క క్షణం ముందు
కట్టెయ్యాలి.
థర్మామీటరు ఉంది, డ్రాయరులో,
పాత బిల్లుల కింద.

పాల ప్యాకెట్లు లెక్కపెట్టి ఇస్తారు.
అందుకే రాత్రి షట్టరు సగం దించాక
నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ఒక్క బొట్టు.
నురగ అచ్చం పాలలాగే వస్తుంది.
ముప్పైసార్లు పోయడం,
ముప్పైసార్లు సింకులో పారబోయడం.
దూరంగా, రేవులో చోటు దొరకని ఓడలు
దీపాలు పెట్టుకుని నిలబడి ఉండేవి.
ముప్పయ్యో కప్పు దగ్గర కూడా
అవి కదిలేవి కావు.

గంగునాయుడు మావ షిప్‌యార్డులో వెల్డరు.
నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి బండేసుకొచ్చి
ఓ రాత్రి షట్టరు కింద దూరి నిలబడ్డాడు.
"ఏటే గుంటా, అలా బుజం తిప్పేత్తన్నావు?
బుజం మొయ్యడానికే.
రాసేది మణికట్టు."
ఒక చెంచా తీసుకున్నాడు, వెల్డింగు పుల్ల పట్టినట్టు.
గ్రానైటు బల్ల మీద, గాలిలో,
ఇటు, అటు, ఇటు.
"ఆగిపోతే కన్నం. తొందరపడితే అతకదు.
సేప పొలుసులాగ పడాల, ఒకదాని మీదొకటి."
తర్వాత చెంచా కడిగి, తుడిచి, ఉన్నచోటే పెట్టి,
"నా గీత ఎవుడు సూత్తాడు?
రంగేసి నీటిలోకి దించేత్తారు" అన్నాడు,
హెల్మెట్ నా చేతికిస్తూ.

మర్నాడు సబ్బునీళ్ళలో
రెండు పొలుసులు పడ్డాయి.
ఆ వారమంతా మళ్ళీ ఉల్లిపాయలు.

ఇప్పుడు చెయ్యి ఇలా వెళుతుంది:
కప్పు వాలుగా, చెవి నా వైపు.
ఎత్తు నుంచి సన్నటి ధార,
మచ్చ పడకుండా పాలు కాఫీ కిందికి దూరిపోయేలా.
సగం నిండాక పిచరు ముక్కు కాఫీని ముట్టుకునేంత కిందికి.
తెలుపు తేలుతుంది.
ఇటు, అటు, ఇటు,
వెనక్కి జరుగుతూ, కప్పుని నిటారు చేసుకుంటూ.
చివర ముక్కు పైకెత్తి
మధ్యలోంచి దారంలా ఒక్క గీత.
పొద్దున్న అమ్మతో గొడవపడి వచ్చిన రోజు
ఆ గీత పక్కకి పోతుంది,
నేనెవరికీ చెప్పకపోయినా.

బీచి రోడ్డు నడక ముగించుకుని
ఆరున్నరకి వచ్చే పెద్దాయన
రెండు చెంచాల పంచదార ఆకు నడుమ కుమ్మరించి
గిరగిరా తిప్పేస్తాడు.
మొదట్లో నా కడుపులో తిప్పినట్టుండేది.
ఇప్పుడు ఆయనకీ సరిగ్గానే వేస్తాను.
వంకరగా వెయ్యడం చేతికి రావడం లేదు.

మొన్న ఆదివారం మావ బల్ల దగ్గర కూర్చున్నాడు.
బీపీ, కాఫీ తాగడు.
అయినా ఒకటి పోసి ముందు పెట్టాను.
కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని,
సాసరు మెల్లగా ఒక చుట్టు తిప్పి చూశాడు.
"మూడో పొలుసు కాడ ఆగినావు."

ఆగాను.
మూడో పొలుసు దగ్గర
ఎవరో బిల్లు అడిగారు.